రెండోసారి దగ్గమనడం

నిన్న గ్రేడరు వచ్చి పోయింది.
దారి బాగుపడిందని పైఊళ్ళో అందరికీ సంబరం.
బాగుచేసిన దారంత చెడ్డది ఇంకోటి లేదు.
తొక్కి తొక్కి గట్టిపడ్డ నేల తోలు ఒలిచి
అడుగు రాళ్ళన్నీ పైకి తెచ్చి
మలుపు నిండా పరిచి వెళ్ళింది,
పాత చక్రాల జాడ ఒక్కటీ మిగల్చకుండా.

వెనక పెట్టెలో ఇరవై మూడు సీసాలు.
తెల్లవారకముందే ఇరవై మూడు ఛాతీల్లోంచి
తవ్వి తీసిన కఫం.
నాలుగింటికి లాబ్ తలుపు మూస్తారు.
మోఖోట్లాంగ్ ఇంకా ఎంతో దూరం,
కొండ నీడలో మంచు ఇంకా కరగలేదు.

ముందు చేతులకే తెలుస్తుంది.
హ్యాండిల్ చిన్నగా తల ఆడిస్తుంది,
కాదు, కాదు, అన్నట్టు.
తర్వాత గట్టిగానే కాదంటుంది.
ఆ తర్వాత బండి మొత్తం
తడిసిన కుక్క ఒళ్ళు విదిలించుకున్నట్టు

అప్పుడే బిగించి పట్టుకోవాలనిపిస్తుంది.
పుట్టినప్పట్నుంచీ పిడికిలికి వచ్చిన విద్య అదొక్కటే.
బిగించావో, నీ వణుకు దానికి అప్పిస్తావు,
అది వడ్డీతో తిరిగిస్తుంది.

న్తాతే సెఖోలో బండి నేర్పేవాడు కాడు నిజానికి,
గుర్రాలవాడు.
క్లినిక్‌కి మోటారు సైకిళ్ళు వచ్చినప్పుడు
ఇంకెవరూ లేక ఆయన్ని పెట్టారు.
"రాళ్ళ మీద కళ్ళెం వదులివ్వాలి లిఖాఫా,
దాని కాళ్ళ సంగతి దానికి తెలుసు.
మోకాళ్ళతో పట్టుకో. చేతులు ఊరికే ఉండనీ."
"దీనికి కాళ్ళెక్కడివి, న్తాతే?"
"ముందు చక్రం ఉందిగా. దాని మాటకి అడ్డురాకు."

పోయిన చలికాలం అడ్డొచ్చాను.
మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టాను.
పిరికితనం వేళ్ళల్లోనే ఉంటుందని
ఆ రోజు తెలిసింది.
మోచిప్ప చీలింది, అది సరే, అతుక్కుంది.
సీసాలు పగిలాయి.

వారం తర్వాత కుంటుతూ మళ్ళీ కొండెక్కి
ఒక్కో గుమ్మం ముందూ నిలబడి
మళ్ళీ దగ్గమని అడిగాను.
న్తాతే మొఫోకా కంబళి కప్పుకుని బయటికొచ్చి
దగ్గి, దగ్గి, గోడ పట్టుకుని,
సీసా నా చేతికిస్తూ నవ్వాడు.
"నా ఉమ్మికి పెట్రోలు ఖర్చు ఎక్కువవుతోందమ్మా."
నవ్వలేకపోయాను.
పక్క ఇంట్లో రెండో సీసా ఇవ్వడానికి
మనిషి లేదు.

అందుకే ఇప్పుడు, ఈ వణుకులో,
వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాను.
కాలిపట్టాల మీద లేచి నిలబడి
ఒంటి బరువు ముందుకి తోసి
ట్యాంకుని మోకాళ్ళ మధ్య ఇరికించి
థ్రాటిల్ కొంచెం, ఇంకొంచెం, తగ్గిస్తూ.
బ్రేకు జోలికి పోకు.
లోయ వైపు చూడకు, చూపు ఎటో చక్రం అటే.
చూడాల్సింది అల్లదుగో,
మలుపు అయిపోయాక ఎండలో తెల్లగా మెరిసే
ఆ జానెడు దారి.

కంకర కింద ఏదో మాట్లాడుతోంది.
వెనక చక్రం ఓ మూరెడు పక్కకి జారి,
ఆలోచించుకుని,
తిరిగొచ్చింది.
హ్యాండిల్ కాదనడం మానేసింది.
అవునని కూడా అనలేదు.

మలుపు దాటి ఆపాక
మోకాళ్ళు అప్పుడు మొదలుపెట్టాయి వాటి వణుకు.
చూస్తే పెట్టె పట్టీ వదులై
బరువంతా తోకకి జారి ఉంది.
తప్పు రాళ్ళది కాదన్నమాట, సగమన్నా.
పొద్దున తొందరలో నేను కట్టిన ముడిది.
పెట్టెని బెత్తెడు ముందుకి జరిపి
కంబళి పిన్ను తీసి పట్టీకి గుచ్చాను.
మూత తెరిచి లెక్కపెట్టాను.
ఇరవై మూడు.

గొర్రెల పిల్లాడొకడు,
కాళ్ళకి రెండు సైజులు పెద్ద గమ్‌బూట్లు,
ఎప్పట్నుంచి చూస్తున్నాడో.
"ఔసీ, ఆ పెట్టెలో ఏముంది?"
"దగ్గు."
కాసేపు ఆలోచించాడు.
"కొంటారా దాన్ని, కింద?"